ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నాం. ఎస్టేట్ ఏజెంట్ చెప్పిన సొలిసిటర్‌నే (కొనుగోలు పత్రాల పని చూసే న్యాయవాదినే) పెట్టుకోవాలా?

అక్కర లేదు. ఆ సిఫారసుకు ఏజెంట్‌కు కమీషన్ ముట్టవచ్చు, మొహమాటపడకుండా అడగండి. సొలిసిటర్‌కు బదులు లైసెన్సు ఉన్న కన్వేయన్సర్ (ఆస్తి బదిలీ పనిలో నిపుణులు) అయినా సరిపోతారు. కాకపోతే మీకు అప్పిచ్చే బ్యాంకు ప్యానెల్‌లో, అంటే అది ఆమోదించిన వారి జాబితాలో, వారి పేరుండాలి.

మన ఊళ్లలో బయానా ఇస్తే మాట ఖాయమైనట్టే అనుకుంటాం. అక్కడ ధర కుదిరినా, ఇరుపక్షాలూ సంతకాలు చేసిన ఒప్పంద పత్రాలు మార్చుకునేదాకా ఎవరైనా తప్పుకోవచ్చు. ఆ పత్రాలు మార్చుకునే రోజు సాధారణంగా ధరలో 10 శాతం కట్టాలి. ఆపైన మీరు వెనక్కి తగ్గితే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ఆ ఇంటి గురించి స్థానిక కౌన్సిల్, మురుగునీటి రికార్డుల్లో వెతికి సొలిసిటర్ తెప్పించే నివేదికలు అంతకుముందే చదవండి. అక్కడ ఫ్లాట్లను ఎక్కువగా నిర్ణీత ఏళ్ల లీజు మీదే అమ్ముతారు కాబట్టి, ఫ్లాట్ అయితే లీజులో ఇంకా ఎన్నేళ్లు మిగిలాయో చూడండి. తక్కువైతే బ్యాంకులు ముఖం చిట్లిస్తాయి.