కీ ఇచ్చే వాచీలు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా వాచీ చాలా ఏళ్లుగా బీరువాలోనే ఉండిపోయింది. ఈమధ్య తీసి కీ ఇస్తే కాసేపు నడిచి ఆగిపోతోంది, కీ మాత్రం ఇక తిరగకుండా బిగుసుకుని ఉంది. కీ ఎక్కువ కావడంతో స్ప్రింగు పట్టేసిందనీ, మిషన్‌ను పెట్రోల్‌లో ముంచి తీసి నూనె వేస్తే సరిపోతుందనీ దుకాణంలో చెప్పారు. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఆ పద్ధతిలో చేయించవద్దు. కీ ఎక్కువై స్ప్రింగు పట్టేయడం అన్నది తరతరాలుగా వినిపిస్తున్న మాటే గాని, అందులో నిజం లేదు. స్ప్రింగు పూర్తిగా చుట్టుకున్నాక కీ ఆగిపోవడం సహజం. శక్తి నిండుగా ఉండి కూడా వాచీ నడవడం లేదంటే, ఆ శక్తి, అటూ ఇటూ ఊగుతూ వాచీ నడకను నిర్ణయించే బాలెన్స్ చక్రం దాకా చేరకుండా దారిలో ఏదో అడ్డుపడుతోందని అర్థం. ఇన్నేళ్లు కదలకుండా ఉన్న వాచీలో ఆ అడ్డు చాలావరకు ఎండి జిగురుగా మారిన నూనే.

హెచ్‌ఎంటీ సంస్థ జపాన్‌కు చెందిన సిటిజెన్ సాంకేతిక సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. జనతా, పైలట్ వాచీలలో ఎక్కువగా కనిపించే 0231 మిషన్ కూడా సిటిజెన్ నమూనా నుంచి వచ్చినదే. దీని బాలెన్స్ చక్రం గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు అయిదుసార్లు కొట్టుకుంటుంది. రోజుకు 4,32,000 అన్నమాట. ఆ చక్రపు ఇరుసు కొసలు మిల్లీమీటరులో సుమారు పదో వంతు మందం మాత్రమే ఉండి, కృత్రిమంగా తయారుచేసిన కెంపురాళ్ల గుంటలలో తిరుగుతాయి. డయల్ మీద ‘17 జ్యువెల్స్’ అని రాసి ఉండేది ఈ రాళ్ల గురించే. నూనె ఎండి దానిలో దుమ్ము కలిస్తే ఆ మిశ్రమం ఆకురాయిలా పనిచేసి, రాయిని ఏమీ చేయలేకపోయినా, ఉక్కు ఇరుసును మాత్రం అరగదీస్తుంది. కాబట్టి సర్వీసింగ్ అయ్యేదాకా ‘నడుస్తుందేమో చూద్దాం’ అని మళ్లీ మళ్లీ కీ ఇచ్చి ఊపకండి. నిజానికి ఆగిపోయిన వాచీ కన్నా, ఎండిన నూనెతోనే ఏళ్ల తరబడి నడుస్తున్న వాచీకే ఎక్కువ నష్టం జరుగుతుంది.

మిషన్‌ను విప్పకుండా ముంచి తీస్తే పైమురికి పోతుంది గాని, రాళ్ల గుంటలలో గట్టిపడినది అక్కడే ఉండిపోతుంది. పైగా పెట్రోల్‌కు బదులు స్పిరిట్‌లో నానబెట్టేవారు కూడా ఉన్నారు. చక్రాల శక్తిని బాలెన్స్‌కు కొంచెం కొంచెంగా అందించే ప్యాలెట్ అనే చిన్న మీటకు ఉండే రాళ్లను వాటి స్థానంలో పట్టి ఉంచేది లక్క. స్పిరిట్‌లో లక్క కరుగుతుంది, రాళ్లు కదిలిపోతాయి. సరైన సర్వీసింగ్ అంటే ప్రతి భాగాన్నీ విడదీసి, మెయిన్ స్ప్రింగు ఉండే బారెల్‌ను కూడా తెరిచి, శుభ్రం చేసి ఆరబెట్టి, తిరిగి బిగించేటప్పుడు ఎక్కడికి తగిన నూనె అక్కడ వేయడం. బాలెన్స్ రాళ్లకు పలుచని నూనె, నిదానంగా తిరిగే పెద్ద చక్రాల ఇరుసులకు కాస్త చిక్కనిది, కీ ఇచ్చే భాగాలకు గ్రీజు వాడతారు. చక్రాల పళ్లకూ, ప్యాలెట్ ఇరుసు కొసలకూ అసలు నూనె వేయకూడదు. వెనుక మూత తెరిచి కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసేవారి చేతికి మీ నాన్నగారి వాచీని ఇవ్వకపోవడమే మంచిది.

పని అప్పగించే ముందు మెకానిక్‌ను రెండు విషయాలు అడగండి: బారెల్ తెరుస్తారా, పని అయ్యాక వాచీ నడకను కొలిచే టైమింగ్ మెషిన్ మీద పెట్టి చూపిస్తారా అని. పూర్తిగా కీ ఇచ్చి డయల్ పైకి ఉండేలా పెట్టినప్పుడు బాలెన్స్ ఊపు, అంటే ఆ చక్రం ఒక్కో వైపుకు తిరిగే కోణం, 250 డిగ్రీలు దాటితే ఈ వయసు మిషన్‌కు తృప్తికరమే. 200 లోపు ఉంటే పని పూర్తికానట్టే. హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించింది కనుక, విడిభాగాలు ఇప్పుడు పాత నిల్వల నుంచో, మరో పాత మిషన్ నుంచో రావలసిందే. ఏ భాగమైనా మారిస్తే తీసివేసిన దానిని మీకు తిరిగి ఇమ్మని ముందే చెప్పండి.

ప్రశ్న: నా పైలట్ వాచీ ఆరు నెలల క్రితమే సర్వీసింగ్ అయింది. మొన్నటిదాకా బాగానే నడిచి, ఉన్నట్టుండి రోజుకు పది నిమిషాలు ముందుకు పోతోంది. వేగం సరిచేసే రెగ్యులేటర్ మీటను జరిపిస్తే చాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇంత తేడా ఒక్కసారిగా వచ్చిందంటే మొదట అనుమానించవలసింది అయస్కాంతాన్ని. అయస్కాంతపు పట్టీ ఉన్న ఫోన్ కవరు మీదనో, స్పీకరు పక్కనో వాచీ పెట్టి ఉంటారు. బాలెన్స్ చక్రాన్ని అటూ ఇటూ ఊపే సన్నని హెయిర్ స్ప్రింగు అయస్కాంతత్వం పట్టుకుంటే దాని చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు స్ప్రింగు పొడవు తగ్గినట్టే అయి బాలెన్స్ వేగం పెరుగుతుంది. దిక్సూచిని వాచీ దగ్గర పెట్టి చూడండి. ముల్లు కదిలితే అనుమానం బలపడుతుంది. అయస్కాంతత్వాన్ని తీసేసే డీమాగ్నెటైజర్ ఉన్న దుకాణంలో ఇది క్షణాల పని. దానితో తగ్గకపోతే హెయిర్ స్ప్రింగు మీద నూనె చిందిందేమో చూడాలి, ఎందుకంటే లక్షణాలు అవే. కారణం తెలియకుండా రెగ్యులేటర్ జరిపితే, అసలు దోషం పోయిన రోజున వాచీ అంతకంత వెనకబడుతుంది. అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు కూడా ఇలాంటి వాచీ రోజుకు అర నిమిషం అటూ ఇటూ కావడాన్ని లోపంగా భావించకండి.

ప్రశ్న: కీ ఏ వేళలో ఇవ్వాలి? వాడని వాచీకి కూడా అప్పుడప్పుడు ఇస్తుండాలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఉదయం పెట్టుకోబోయే ముందు, చేతికి కట్టుకోకుండానే, ఆగేదాకా నిదానంగా ఇవ్వండి. చేతికి ఉండగా తిప్పితే కీ కడ్డీ పక్కకు లాగబడుతుంది. ఒకసారి నిండుగా ఇస్తే దాదాపు ఒకటిన్నర రోజు నడుస్తుంది గాని, స్ప్రింగు సడలేకొద్దీ నడకలో తేడా వస్తుంది కాబట్టి రోజూ ఒకే వేళ పాటించడం మేలు. వాడని వాచీకి కీ ఇవ్వనవసరం లేదు. నడిపినా నడపకపోయినా నూనె ఎండుతుంది. రోజూ వాడేవాటికి నాలుగైదేళ్లకొకసారి సర్వీసింగ్ చాలు. వానలో మాత్రం ఈ వాచీలను పెట్టుకోవద్దు, ఎందుకంటే కీ పక్క నుంచి తేమ లోపలికి చేరితే ముందుగా తుప్పు పట్టేది కీ కడ్డీకే.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొత్తగా మెరిసే రంగురంగుల డయల్‌తో పాత జనతా తక్కువ ధరకు వస్తోంది. కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పెట్టుకు తిరగడానికైతే కొనండి, పాత వస్తువుగా దాచుకోవడానికైతే వద్దు. అలా మెరిసేవాటిలో చాలావరకు పాత డయల్‌కు మళ్లీ రంగు వేసి అక్షరాలు అచ్చు వేసినవే. అక్షరాల అంచులు చెదిరి ఉన్నాయా, నిమిషాల గీతలు అంకెలకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయా అన్నది భూతద్దంతో చూస్తే తెలిసిపోతుంది. డబ్బు కట్టే ముందు వెనుక మూత తీసి మిషన్ ఫొటో పంపమనండి. అరిగిన స్క్రూ తలలు, తుప్పు మరకలు, రంగు కలవని భాగాలు అందులో కనిపిస్తాయి. ఫొటో పంపడానికి అమ్మకందారు ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయండి. వాచీ ధరకు సర్వీసింగ్ ఖర్చు కూడా కలుపుకుని లెక్క వేసుకోండి. ఇప్పుడే సర్వీసింగ్ చేయించామని అమ్మేవారు చెప్పినా సరే, ఆ ఖర్చును తీసివేయకండి.