ఉక్రోషమా, ఆగ్రహమా?

సందేహం: నల్లజాతి అమెరికన్ రచయిత్రి మాయా ఏంజెలో 1969లో వెలువరించిన ఆత్మకథలో ఒక ఘట్టాన్ని తెలుగు చేస్తున్నాను. తెల్లపిల్లలు నాయనమ్మను వెక్కిరిస్తుంటే పదేళ్ళ పిల్ల ఏమీ చేయలేక రగిలిపోతుంది. 'ఆమె తీవ్ర ఆగ్రహానికి గురైంది' అని రాశాను. మావారు 'ఉక్రోషం' అనాలంటారు. ఏది సరి? ఆ ఇంటివాళ్ళ పరిస్థితిని 'చేతకానితనం' అనవచ్చా?

సమాధానం: మీవారి మాటే దగ్గరగా ఉంది. ఎందుకో తెలియాలంటే రేపు పేపరు తెరిచి చూడండి. హైకోర్టు ఆగ్రహం, మంత్రి ఆగ్రహం, కలెక్టర్ ఆగ్రహం. కలెక్టరాఫీసులో అటెండరు ఆగ్రహం వ్యక్తం చేశాడని ఎప్పుడైనా చదివారా? అతనికి కోపమొస్తే గొణుక్కుంటాడు, మహా అయితే ఫైలు దఢాలున బల్ల మీద పడేస్తాడు. ఆగ్రహం వెనక ఎంతో కొంత బలం ఉండాలి. ఒక్కడికి లేని బలం గుంపుకి వస్తుంది కనుకనే ప్రజాగ్రహం అంటున్నాం.

ఉక్రోషం అలాంటిది కాదు. ఎదుటివాణ్ణి ఏమీ చేయలేమని తెలిసీ వచ్చే కోపం అది. అందులో కన్నీళ్ళుంటాయి. 'పేదవాని కోపం పెదవికి చేటు' అన్నప్పుడు పళ్ళ కింద నలిగేది తన పెదవే కదా!

ఇప్పుడు ఆ ఘట్టం చూడండి. ఆర్కన్సా రాష్ట్రంలో స్టాంప్స్ అనే చిన్న ఊరు, 1930ల చివరి రోజులు. నాయనమ్మకు సొంత దుకాణం ఉంది, పొలం ఉంది. బీద తెల్లవాళ్ళ కుటుంబాలు కొన్ని ఆమె నేల మీదే కాపురముంటున్నాయి. అలాంటి ఇళ్ళ పిల్లలే వచ్చి ఆమె ముందు కోతిచేష్టలు చేస్తారు. ఆమె కదలదు, మెల్లగా భక్తిగీతం పాడుకుంటూ నిలబడుతుంది. మెష్ డోర్ వెనక మనవరాలు ఏడుస్తుంటుంది. వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు నాయనమ్మ ఒక్కొక్కరినీ 'మిస్' అని గౌరవంగా పిలిచి సాగనంపుతుంది. పిల్ల అసలు భగ్గుమనేది అక్కడే.

ఆ 'మిస్'ని అలాగే ఉంచితే మన పాఠకుడికి బడి టీచరు గుర్తొస్తుంది. 'వెళ్ళి రండి అమ్మాయిగారూ' అనిపించండి. మా ఊళ్ళో అరవై ఏళ్ళ పాలేరు ఆరేళ్ళ నన్ను 'అబ్బాయిగారూ' అనేవాడు. నేనతన్ని పేరు పెట్టి 'ఒరే' అనేవాణ్ణి. నా ఈడు మనవడొకడు అతని పక్కన తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీస్తూ ఉండేవాడు. ఆ గీత దేనికో నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

'చేతకానితనం' మాత్రం వద్దు. లెక్కలు చేతకావు, వంట చేతకాదు అంటాం. లోపం ఆ మనిషిదే అవుతుంది. దుకాణం నడిపి, అవిటి కొడుకునీ ఇద్దరు మనవల్నీ సాకిన మనిషికి చేతకానిదేముంది? ఒక రాత్రి తెల్లవాళ్ళ గుంపు వస్తుందని తెలిసి ఆ కొడుకుని తొట్టెలో పడుకోబెట్టి, పైన ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ కప్పాల్సి వచ్చింది. అలాంటి చోట ఎదురుచెప్పడం చేతకాక కాదు, చెప్పడానికి వీల్లేక. 'చేతకాదు', 'వీల్లేదు' – ఈ రెంటికీ ఉన్న తేడాలోనే ఆ ఘట్టమంతా ఉంది. 'నిస్సహాయత' అనడం తప్పు కాదు గాని, ఆ మాట పదేళ్ళ పిల్ల నోట కాస్త బరువు.

మీవారి మాటలోనూ ఒక చిక్కుంది. ఉక్రోషం అనగానే మనకు బలపం లాక్కుంటే ఏడ్చే పిల్లాడు కనిపిస్తాడు. పెద్దవాళ్ళ విషయంలో వాడితే చిన్నబుచ్చినట్టే. ఆత్మకథలో ఇద్దరు మాట్లాడతారు. తలుపు వెనక ఏడ్చిన పిల్ల ఒకరు, నలభై ఏళ్ళ వయసులో దాన్ని కాగితం మీద పెట్టిన రచయిత్రి ఒకరు. రచయిత్రి తన గొంతుతో ఆ వ్యవస్థను నిలదీసే చోట నిక్షేపంగా ఆగ్రహం అనండి. అప్పటికి ఆమె చేతికి కలం అనే బలం వచ్చింది. 'అక్కసు' జోలికి మాత్రం పోకండి, అందులో అసూయ వాసన ఉంది.

మీరు అడగలేదు గాని, ఇంగ్లీషు 'రేస్'కి బదులు 'జాతి' అని రాసేటప్పుడు దాన్ని ఒంటరిగా వదలకండి. జాతీయ గీతం దగ్గర్నుంచి జాతి కుక్క దాకా అన్నిటికీ అదే మాట. 'నల్లజాతి' అంటే స్పష్టంగా ఉంటుంది. 'వర్ణం' అంటే మనవాళ్ళ బుర్ర నేరుగా చాతుర్వర్ణ్యానికి పోతుంది.

ఇక మీ వాక్యం. ఎవరైనా 'ఆగ్రహానికి గురైంది' అంటే ఎదుటివాళ్ళకు ఆమె మీద కోపం వచ్చిందని. అలాగే అచ్చువేస్తే పాపం నాయనమ్మే పిల్లను కసిరిందనుకుంటారు. 'ఉక్రోషం పట్టలేక ఏడ్చేసింది' అని రాయండి, చాలు.