నీళ్లు పడకముందే పోతే?

ప్రశ్న: ఈస్టర్ రాత్రి జ్ఞానస్నానం పొందాల్సిన మా అత్తగారు రెండు వారాల ముందే కాలం చేశారు. పాత లాటిన్ పూజే సరైనదనే మా మరిది ‘శ్రీసభ (కతోలిక సంఘం) వెలుపల రక్షణ లేదు, ఆవిడకి నీళ్లు పడలేదు’ అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: ఆ సూత్రం పాతదే, శ్రీసభ దాన్ని వదులుకోలేదు. మీ మరిది గారు చెప్పే అర్థమే తప్పు. 1547లోనే ట్రెంట్ మహాసభ (శ్రీసభ పీఠాధిపతుల సమావేశం) రక్షణకి ‘జ్ఞానస్నానం లేదా దాని కోసం కోరిక’ కావాలంది. 1960లలో జరిగిన వాటికన్ రెండో సభ తెచ్చిన కొత్త మాట కాదిది! బోస్టన్‌లో లెనార్డ్ ఫీనీ అనే గురువు మీ మరిదిలాగే కఠినంగా బోధిస్తే, 1949 ఆగస్టు 8న రోమ్ ఉత్తరం రాసి తప్పని చెప్పింది. 1953లో ఆయన్ని వెలివేసింది మాత్రం అవిధేయతకి. 1972లో మళ్లీ కలుపుకున్నారు. లాటిన్ పూజ కోసం పోరాడిన లెఫెవ్ర్ అనే ఆర్చిబిషప్పు వర్గం కూడా కోరిక జ్ఞానస్నానాన్ని, అంటే నీళ్లు పడకముందే పోయినవారికి ఆ కోరికే జ్ఞానస్నానంగా నిలుస్తుందన్న మాటని, ఒప్పుకుంటుంది. ఇది మీ మరిదికి తప్పక చెప్పండి.

సభా చట్టం 1183 ప్రకారం జ్ఞానస్నానార్థికి (మీ అత్తగారిలా దానికి సిద్ధమవుతున్నవారికి) విశ్వాసులతో సమానంగా అంత్యక్రియలు చేయాలి.

ఇకముందు ఎవరికైనా ప్రాణం మీదికొస్తే గురువు కోసం ఆగకండి. ఎవరైనా ఇవ్వొచ్చు, అన్యమతస్థులైనా సరే, శ్రీసభ చేసేదే చేయాలనే ఉద్దేశంతో ఇస్తే చాలు. మామూలు నీళ్లు తలమీద మూడుసార్లు పోస్తూ, పోసేవారే ‘పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిస్తున్నాను’ అనాలి. జుట్టు తడిస్తే సరిపోదు, చర్మంమీద పారాలి. ‘నేను’ బదులు ‘మేము’ అంటే చెల్లదు. తర్వాత మీ విచారణ (స్థానిక చర్చి) గురువుకి చెప్పి రిజిస్టరులో రాయించండి.