నీరు పెరిగిందా, పెంచామా?

అల్లుడూ,

నువ్వు పంపిన రిపోర్టు రెండుసార్లు చదివాను. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఒడిశాలో రాత్రంతా వానపడి గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార నది అడుగున్నర పెరిగిందని చెప్పాలనుకున్నావు. రాసింది మాత్రం ‘వాటర్ లెవెల్ వాజ్ రేజ్డ్’ అని. అంటే నీటిమట్టం పెంచారని! గేట్లు దించి నీళ్లు నిలబెట్టింది మనమే అన్నట్టు ఉంది. అక్కడ ‘రోజ్’ అని రాయాలి, అంటే తనంతట తనే పెరిగిందని.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే మాట రాశాను. పొద్దున్నే పై అధికారి కాగితం పట్టుకుని ‘ఎవరి ఆర్డరు మీద పెంచారు?’ అని అడిగారు. పొలాలు మునిగిన రైతులు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. వాళ్లు నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అందుకే నీకు ఇంతగా చెప్తున్నాను.

మన తెలుగులో లేవడం వేరు, లేపడం వేరు. పెరగడం వేరు, పెంచడం వేరు. ఇంగ్లీషులోనూ అంతే. ఏటా మార్చిలో, అక్టోబరులో అరసవల్లి ఆదిత్యుడి పాదాల మీద కిరణాలు పడతాయి కదా, ఆ సూర్యుణ్ణి ఎవరూ పైకి ఎత్తరు, తనే వస్తాడు. అది రైజ్. బ్యారేజీ గేటు తనంతట తాను లేవదు, మనిషి ఎత్తాలి. అది రేజ్.

రాసేటప్పుడు ‘దేన్ని?’ అని అడిగి చూసుకో. దేన్ని ఎత్తారు? గేట్లని. జవాబు వచ్చింది, రేజ్ వెయ్యి. 2018 అక్టోబరులో తితలీ తుపాను వచ్చినప్పుడు వంశధార పొంగింది. దేన్ని పొంగింది? ఆ ప్రశ్నే అతకదు. అక్కడ రైజ్. చెయ్యెత్తడం, గొంతు పెంచడం, పిల్లల్ని పెంచడం, అన్నీ రేజ్ కిందకే వస్తాయి.

జరిగిపోయినదాని గురించి రాసేటప్పుడే ఎక్కువమంది తడబడతారు. రైజ్‌కి రోజ్, హ్యావ్ తర్వాతైతే రిజెన్. రేజ్‌కి రెండు చోట్లా రేజ్డ్ ఒక్కటే. ‘రైజ్డ్’ అన్న మాటే లేదు, ఎక్కడా వాడకు.

ఫోన్‌లో చెప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త. రైతులోని ‘రై’ రైజ్‌ది, రేవులోని ‘రే’ రేజ్‌ది. ఆ అక్షరం స్పష్టంగా పలుకు.

సరిదిద్దిన కాపీ ఇవాళే ఇచ్చెయ్యి, పాతది ఫైలుకి ఎక్కకముందే.

మీ మావయ్య,
శ్రీకాకుళం