షియాన్ దా సియెన్ ఆలయం: మెట్లెక్కలేని అమ్మగారితో దర్శనం

మోకాళ్ల నొప్పుల వల్ల మీ అమ్మగారు గోపురం ఎక్కలేరనీ, అలాంటప్పుడు చైనాలోని షియాన్‌లో, ఆ గోపురం ఉన్న దా సియెన్ బౌద్ధాలయానికి వెళ్లి ప్రయోజనమేమిటనీ మీరు అడిగారు. నిశ్చింతగా తీసుకెళ్లండి. గోపురం ఎక్కడానికి టిక్కెట్ వేరుగా ఉంటుంది కనుక అది కొననక్కర్లేదు, పాస్‌పోర్టులు దగ్గరుంచుకోండి.

క్రీ.శ. 652లో బౌద్ధ భిక్షువు హ్యుయాన్‌త్సాంగ్ కోరికపై మొదట నిర్మించిన ఆ గోపురంలో అసలు చూడవలసినది, నా దృష్టిలో, కిందే ఉంది. దక్షిణ ద్వారానికి ఇరువైపులా గూళ్లలో నిలిపిన రెండు శిలాఫలకాలపై, ఆయన చేసిన బౌద్ధ గ్రంథాల అనువాదాలకు చక్రవర్తులు రాసిన ముందుమాటలను ప్రసిద్ధ లేఖనకళాకారుడు చూ స్వెయ్‌లియాంగ్ దస్తూరీలో 653లో చెక్కారు. ఆ అక్షరాల సన్నని, నిండైన ఒంపులను తీరికగా చూడండి.

తరువాత గోపురం వెనుక హ్యుయాన్‌త్సాంగ్ మందిరానికి వెళ్లి, మన ధాన్యకటకానికీ వచ్చిన ఆ మహాయాత్రికుడి జీవితచిత్రాలను అమ్మగారికి చూపించండి. గడపలు తొక్కకుండా దాటడం అక్కడి మర్యాద, పైగా అవి ఎత్తుగా ఉంటాయి; ప్రతి గుమ్మం దగ్గరా ఆవిడకు చెయ్యి అందించండి.