కోనసీమలో లేని రెండు కొండలు

పిల్లల చదువు గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఇవి మా జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే బాధ: తప్పు పోతుందేమోనని పిల్లలు అసలు మొదలే పెట్టడం లేదు.

ప్రశ్న: మా పాప 3వ తరగతి. బొమ్మలంటే ఇష్టమే. కానీ ప్రతి గీతకీ "అమ్మా, కరెక్టేనా?" అంటుంది. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చింపేస్తుంది. ఎప్పుడు గీసినా రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఇల్లు. ఇంకేవీ రావంటుంది. ఏం చేయమంటారండీ?
— ఒక తల్లి, అమలాపురం

జవాబు: ముందు ఆ కొండల సంగతి చూద్దామమ్మా. అమలాపురంలో డాబా ఎక్కి నాలుగు దిక్కులా చూసినా కొండ కనబడదు. పొద్దు కొబ్బరితోటల వెనక నుంచి లేస్తుంది. అయినా డెల్టాలో పిల్లల బొమ్మల్లో ఆ రెండు కొండలు ఉంటూనే ఉంటాయి. అది కళ్లతో చూసి వేసిన బొమ్మ కాదు, బోర్డు మీంచి ఎక్కించుకున్న బొమ్మ. దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు, అందరూ బాగుందన్నారు. మీ పాపకి ఊహ లేక కాదు, అక్కడ భయం లేదు గనక అక్కడే ఆగింది.

రెండు వారాలు ఇలా చేయండి. ఒకవైపు రాసేసిన కాగితాలు 25 తీసి ఒక్కోటీ నాలుగు ముక్కలు చేస్తే 100 చీటీలు వస్తాయి. డ్రాయింగు పుస్తకం, పెన్సిలు, రబ్బరు అటకెక్కించేయండి. మంచి కాగితం చూస్తే పాడుచేస్తామేమోనని చెయ్యి బిగుసుకుంటుంది. చేతికి బాల్‌పెన్ను ఇవ్వండి. రోజూ 10 నిమిషాలు, ఒకే వస్తువు, 6 చీటీలు. మొదటిరోజు కొబ్బరిచిప్ప, తర్వాత అరటిపువ్వు, చెప్పుల జత, సైకిలు తాళం, ఇలా ఇంట్లో దొరికేవే. మొదటి చీటీ మామూలుగా గీయాలి. రెండోది కాగితం వైపు చూడకుండా వస్తువునే చూస్తూ. మూడోది అలవాటు లేని చేత్తో. నాలుగోది చీటీ అంచులు తగిలేంత పెద్దగా. అయిదోది పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా. ఆరోది తనిష్టం. చూడకుండా గీసినా, అలవాటు లేని చేత్తో గీసినా ఎవరికైనా వంకరే వస్తుంది. గీత వంకరపోయినా ఏమీ కాదని ఆ చేతికి తెలియడానికే ఇదంతా.

మూడో రోజో నాలుగో రోజో రబ్బరు కావాలని ఏడవచ్చు. ఇవ్వకండి. ఇంకో చీటీ ఇవ్వండి. పాతది చింపనివ్వకుండా ఒక డబ్బాలో వేయించండి. "ఈ గీతని ఇంకేం చేయొచ్చు?" అని అడిగితే ఒక్కోసారి అదే తాడో పామో అయిపోతుంది. మీరు మాత్రం పెన్ను అందుకుని సరిదిద్దకండి. ఒక్కసారి మీ చెయ్యి పడితే మళ్లీ "కరెక్టేనా" దగ్గరికి వచ్చేస్తుంది. ఆ మాట అన్నప్పుడల్లా "నువ్వు చూసింది వచ్చిందా?" అని ఎదురడగండి. "సూపర్" అనే బదులు "ఈ పీచు ఇటు తిప్పావేం?" అనండి. అప్పుడు తను మీ ముఖం వైపు కాక బొమ్మ వైపు చూస్తుంది.

చాక్లెట్ ఆశ పెట్టకండి. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి, గీస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి గీయించారు. ఒకటి రెండు వారాల తర్వాత ఆడుకునే సమయంలో చూస్తే, ఆశ పెట్టని పిల్లలకంటే వాళ్లే తక్కువసేపు గీశారు. ముందు చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో ఇష్టం తగ్గలేదు. మా దృష్టిలో బొమ్మని వాట్సాప్ స్టేటస్‌లో పెడతామనడం కూడా అలాంటి ఆశే.

ప్రశ్న: 6, 7 తరగతులకు సైన్సు చెబుతాను. ప్రశ్న వేస్తే 40 మందిలో ఎప్పుడూ ఆ నలుగురే చేతులెత్తుతారు. మిగతావాళ్లు తల దించేస్తారు. సిలబస్ కూడా అవ్వాలి కదండీ.
— ఒక ఉపాధ్యాయుడు, రాజోలు ప్రాంతం

జవాబు: పీరియడులో 5 నిమిషాలు చాలు మాస్టారూ, కానీ రోజూ కావాలి.

ప్రశ్న వేశాక మనసులో మూడు లెక్కపెట్టండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతులను టేపు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న వేసి ఆగేది ఇంచుమించు 1 సెకను. 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు నోరు విప్పారు. జవాబు వచ్చాక కూడా మూడు లెక్కపెట్టండి. మీరు వెంటనే "కరెక్ట్" అన్నారా, మిగతా 39 మంది ఆలోచన అక్కడితో బందు.

రెండోది పలక. అందరూ రాయాలి, మీరు చెప్పగానే అందరూ ఒకేసారి ఎత్తాలి. పలక లేకపోతే రఫ్ నోట్సులో పెద్దక్షరాలతో రాయించండి. అప్పుడు ఎవరూ ఒంటరిగా తప్పు కాదు.

ఉదాహరణకి, "మోటారు లేకుండా కాలువ నీళ్లు చేలోకి ఎలా వస్తాయి?" అని అడగండి. గేటు తోస్తుంది, సముద్రం లాగుతుంది, ఇలాంటి జవాబులు రావచ్చు. తప్పు అనకుండా "గేటు తోస్తుంది" బోర్డు మీద రాసి, ఇది నిజమైతే ఏం జరగాలో అడగండి. రెండు వైపులా నీళ్లు ఒకే ఎత్తులో ఉన్నా పారాలి కదా. అది చూపించొచ్చు. పైభాగం కోసేసిన రెండు నీళ్ల సీసాలు, ఒక మీటరు సన్నటి ప్లాస్టిక్ గొట్టం తీసుకోండి. సీసాల్లో సగం దాకా నీళ్లు పోయండి. గొట్టాన్ని బకెట్‌లో ముంచి నింపి, రెండు కొసలూ బొటనవేళ్లతో మూసి, ఒక్కో కొస ఒక్కో సీసా నీళ్లలో ముంచాక వేళ్లు తీయండి. రెండూ ఒకే బల్ల మీద ఒకే మట్టంలో ఉంటే నీళ్లు కదలవు. ఒక సీసా జానెడు ఎత్తితే కిందిదానిలోకి పారతాయి. గొట్టంలో పెద్ద బుడగ మిగిలితే పారకపోవచ్చు. "ప్రయోగం పోయింది సార్" అంటారు. ఆ పూట అదే పాఠం చేసేయండి, ఎందుకు ఆగిందో వాళ్లనే వెతకనివ్వండి.

అప్పుడు ధవళేశ్వరం చెప్పండి. 1847లో మొదలై 1852కి పూర్తయిన కాటన్ ఆనకట్ట నది మట్టాన్ని ఎత్తింది, అక్కడి నుంచి కాలువలు వాలు మీదే పారుతున్నాయి. గేటు అన్న కుర్రాడి మాట పూర్తిగా తప్పేం కాదని కూడా చెప్పండి. ఎంత నీరు వదలాలో చూసేది గేటే, పారించేది వాలు.

నోటుపుస్తకాలు వారానికి ఒకసారి మార్కులు వేయకుండా దిద్దండి. రోజుకి 10 పుస్తకాలు, ఒక్కో దాంట్లో రెండు వాక్యాలు. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్ పిల్లల మీద చేసిన అధ్యయనంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగయ్యారు, వాళ్ల ఆసక్తీ నిలిచింది. వ్యాఖ్యతో పాటు మార్కూ వేస్తే ఆ మేలు దక్కలేదు.

ప్రశ్న: మా రోజుల్లో ఎక్కాలూ పద్యాలూ కంఠతా పట్టించేవారు, తప్పితే బెత్తం. గొప్పవాళ్లు అందులోంచే వచ్చారు. ఇప్పుడీ గారాబం ఎందుకు?
— ఒక తాతగారు, భీమవరం

జవాబు: కంఠతా విషయంలో మేము మీ పక్షమే తాతగారూ. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్లకి అసలు అల్లికలు చేతికి కంఠతా వచ్చాకే కొత్త డిజైన్ తోస్తుంది. కానీ అక్కడ అల్లిక తప్పితే దారం లాగి విప్పి మళ్లీ అల్లుకుంటారు, దారం ఎక్కడికీ పోదు. బెత్తం ఆ విప్పుకునే వీలునే తీసేస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది కూడా. గొప్పవాళ్లన్నారు కనుక చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) సంగతి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే తానే చిత్రకారుడు. ఆ కుర్రాడి చేతిలో ఏముందో చూసి, బొంబాయి జె.జె. స్కూల్లో చేరేలా ప్రోత్సహించారు.

ప్రశ్న: తెలుగు పరీక్షలో సొంతంగా రాస్తే మార్కులు తగ్గుతున్నాయి. గైడులో ఉన్నది రాస్తే వస్తున్నాయి. నేనూ బట్టీ పట్టేయనా?
— 9వ తరగతి విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: పేపరు దిద్దేవాళ్లు పాయింట్లు వెతుకుతారమ్మా. పాఠంలోని పాయింట్లు వదలకుండా పెట్టు, వాక్యాలు నీవి రాయి. సృజనాత్మకత ప్రశ్నలకి కూడా గైడులో రెడీమేడ్ జవాబులుండటం మాకు నిజంగా బాధగా ఉంది. కరపత్రం రాయమంటే మూడే చూసుకో: ఎవరు చదువుతారు, చదివి ఏం చేయాలి, మీ వీధిలో కంటికి కనబడేది ఏమిటి. "నీరే ప్రాణాధారం" అని మొదలుపెట్టే బదులు, రేవు మెట్ల దాకా అల్లుకున్న గుర్రపుడెక్కతో మొదలుపెట్టు.

ఎవరూ దిద్దని నోటుపుస్తకం ఇంకొకటి పెట్టుకో. మొదటి పేజీ ఖాళీగా వదిలేసి రెండో పేజీ నుంచి రాయి. మొదటి పేజీ పాడవుతుందేమోనన్న భయంతోనే చాలా పుస్తకాలు తెల్లగా ఉండిపోతాయి.