అమ్మ చనిపోయాక మా ఇంటికొచ్చిన పాప రాత్రిళ్లు పడుకోనంటోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: మా అక్క మూడు నెలల కిందట జబ్బుతో చనిపోయింది. బావగారిది దూరాన ఉద్యోగం కావడంతో ఆరేళ్ల పాపను మా ఇంటికి తెచ్చుకున్నాం. అమ్మ నిద్రపోయిందని చెప్పాం. పగలు బాగానే ఆడుకుంటుంది. రాత్రి పడుకోనని ఏడుస్తుంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది.
- ఓ పాఠకురాలు

జవాబు: ముందు ‘నిద్రపోయింది’ అనడం మానేయండి. ఈ వయసు పిల్లలు విన్న మాటను ఉన్నదున్నట్టే నమ్ముతారు. పడుకుంటే తనూ లేవదేమో, తెల్లారేసరికి మీరూ ఉండరేమో అని పాప భయపడుతూ ఉండొచ్చు. పగటిపూట, ఇద్దరే ఉన్నప్పుడు ఇలా చెప్పండి: ‘అమ్మకు పెద్ద జబ్బు చేసింది. డాక్టర్లు మందులిచ్చినా తగ్గలేదు. అమ్మ చనిపోయింది. చనిపోయినవాళ్లకు ఊపిరి ఆడదు, నొప్పి తెలియదు, మళ్లీ రాలేరు. నువ్వు చేసిన దేనివల్లా ఇలా జరగలేదు.’ ఆ చివరి మాట మరవొద్దు. తన అల్లరి వల్లే అమ్మ పోయిందని లోలోపల అనుకునే పిల్లలు ఎందరో, పైకి మాత్రం అడగరు. పాప ఎన్నిసార్లు అడిగినా ఇదే జవాబివ్వండి. చెబుతూ మీకు ఏడుపొస్తే దాచుకోనక్కర్లేదు. ఆడుకుంటోంది కదా, మర్చిపోయిందిలే అనుకోవద్దు. పిల్లల్లో దుఃఖం విడతలు విడతలుగా వస్తుంది.

పక్క తడపడానికి బెంగే కారణం కావొచ్చు. అయినా మూత్ర పరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్, మలబద్ధకం, మధుమేహం వల్ల కూడా ఇలా అవుతుంది. దాహం పెరిగి, బరువు తగ్గుతుంటే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. నీళ్లు పగలే బాగా తాగించి, పడుకునే ముందు గంటసేపు తగ్గించండి. తిట్టొద్దు, నలుగురిలో ఆ ఊసెత్తొద్దు.

రోజూ ఒకే వేళకు పడుకోబెట్టండి. చిన్న లైటు వెలగనివ్వండి. ‘పది నిమిషాల్లో వచ్చి చూస్తా’ అంటే కచ్చితంగా వెళ్లండి, పాప నిద్రపోయి ఉన్నా సరే. అమ్మ వాడిన బట్ట ఒకటి ఉతక్కుండా పక్కన పెట్టండి, ఆ వాసన కొందరికి ఊరట. నాన్న ఫోన్ రోజూ ఒకే సమయానికి రావాలి. మిమ్మల్ని అమ్మా అని పిలవమనొద్దు, పిన్నీ అంటే చాలు. టీచర్‌కూ విషయం చెప్పి ఉంచండి.

‘నేనూ అమ్మ దగ్గరికెళ్తా’ అంటే కంగారుపడకుండా, ఎలా వెళ్తావని మెల్లగా అడగండి. చాలాసార్లు అది అమ్మను చూడాలన్న ఆశే. తనకు తాను హాని చేసుకునే మాటలు వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిండి మానేసినా, వారాల తరబడి బడికి వెళ్లనన్నా, ఆరు నెలలు దాటినా బెంగ ఇంతే తీవ్రంగా ఉన్నా పిల్లల మానసిక వైద్యులకు చూపించాలి.